ఇంకొకరి పాట

కిందటి వారం చియాకిని మనం పొగమంచులో నిలబెట్టి వచ్చేశాం. ఉత్తర జపాన్‌లోని కుషిరో రేవు వెనక వీధిలో, గాజు తలుపు మీద తెల్ల సముద్రపక్షి బొమ్మ వేసి ఉన్న 'కామొమె' కరావోకే షాపు ముందు, తల్లి కూర్చున్న చక్రాల కుర్చీ పట్టుకుని, లోపలికి వెళ్లాలా వద్దా అని తటపటాయిస్తోంది. పాపం, వారం రోజులుగా అక్కడే ఉంది. ఇక లోపలికి తీసుకెళ్దాం.

ఎందుకొచ్చిందో మరిచిపోయినవారికి రెండు ముక్కలు. తల్లి మసాయోకు చలికాలంలో పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. వాటితోపాటు మాటా పోయింది. చేపల డబ్బాల ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి పనిచేసి, యంత్రాల రొద దాటి అవతలి గోడకు వినబడేలా మాట్లాడిన మనిషికి ఇప్పుడు మిగిలింది ఒకే ఒక్క మాట. "కాదు." టీ కావాలన్నా కాదు, వద్దన్నా కాదు. ఆకలేసినా కాదు, నవ్వొచ్చినా కాదు. సప్పొరోలో పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే చియాకి సెలవు పెట్టి వచ్చి, చంటిపిల్ల ఏడుపు తేడాలు నేర్చుకున్నట్టు ఆ ఒక్క మాటలోని తేడాలు నేర్చుకుంది. పొట్టిగా అంటే సరేనని. సాగదీస్తే విసుగని. ముక్కుతో అంటే, కిటికీ వెయ్యమని.

ఈ నెలాఖరుకు ఆస్పత్రిలో మాటల శిక్షణ ముగుస్తుంది. ఈలోగా ఇంకొక్క కొత్త మాట నోట వస్తే కొనసాగిస్తారు. రాకపోతే ఇక ఇంతేనని ఇంటికి పంపేస్తారు. శిక్షణ ఇచ్చే ఓకి-సాన్ ఆ సంగతి దాచకుండా చెప్పింది. దానితోపాటు ఇంకోటి కూడా చెప్పింది.

"మాట పోయినవాళ్లకి కూడా ఒక్కోసారి పాట మిగులుతుందండీ. మాటా పాటా తలలో ఒకే గదిలో ఉండవు. కాకపోతే ఏ పాట పడితే అది పనికిరాదు. ఒంట్లోకి ఇంకిపోయిన పాట కావాలి. అదేదో మీకే తెలియాలి."

అమ్మ పాట నాకు తెలియకపోవడమేమిటి అనుకుంది చియాకి. బుధవారం మధ్యాహ్నం వస్తే చాలు, అమ్మ పెదాలకు రంగు వేసుకుని కామొమెకు వెళ్లేది. వెళ్లిన ప్రతిసారీ గాయని ఇసొబె కహోరు పాడిన 'పండగ ఓడ' పాడి వచ్చేది. ఊరంతటికీ తెలుసు. అందుకే ఇవాళ బుధవారం చూసుకుని మరీ తీసుకొచ్చింది.

తలుపు తెరవబోతుంటే మసాయో కుర్చీలో బిగుసుకుంది. తలుపు గాజుకు, పక్షి బొమ్మ పక్కనే, బయటివైపు కొత్త పోస్టర్ ఒకటి అంటించి ఉంది. మెడలో పట్టు కండువా, వెండి జుట్టు, అరవిరిసిన చిరునవ్వు. పాటల రచయిత నవాటా సోజిరో కలం పట్టి యాభై ఏళ్లయిన సందర్భంగా టౌన్ హాలులో సన్మానం. ఈ ఊరి రేవు మీద పాట రాసి ఊరికి పేరు తెచ్చిన పెద్దమనిషి, ఇన్నాళ్లకు స్వయంగా వస్తున్నాడు.

"కాదు," అంది మసాయో.

పొట్టిదీ కాదు, సాగదీసిందీ కాదు. చియాకి నేర్చుకున్న వాటిలో ఎక్కడా లేని రకం. గొంతు అడుగునుంచి రాయి పడ్డట్టు పడింది. తలుపు సందులోంచి చలిగాలి తగిలిందేమోననుకుని చియాకి తల్లి మోకాళ్ల మీద దుప్పటి సర్ది, కుర్చీని లోపలికి తోసింది.

లోపల వేయించిన కోడిమాంసం వాసన, ఆడవాళ్ల పౌడరు వాసన కలిసి ఉన్నాయి. ఒకప్పుడు వేట ఓడలో వంట చేసి, ఇప్పుడు ఈ షాపు నడుపుతున్న పెద్దాయన్ని అందరూ మాస్టర్ అనే పిలుస్తారు. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో. మసాయోను చూడగానే ఆయన ఆమె ఎప్పుడూ కూర్చునే బల్ల దగ్గర కుర్చీ ఒకటి తీసేసి చక్రాల కుర్చీకి చోటు చేశాడు. వేడి తువ్వాలు తెచ్చి ఎడమ చేతిలో పెట్టాడు.

"మీ చోట ఎవ్వరినీ కూర్చోనివ్వలేదు మసాయో-సాన్," అన్నాడు.

"కాదు," అంది మసాయో పొట్టిగా.

అప్పటికి మైకు ఇగరాషి-సాన్ చేతిలో ఉంది. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. బట్టతల, ఇస్త్రీ చొక్కా. ఆయన పాడేవన్నీ ఆడవాళ్ల పాటలే. రైలు వెళ్లిపోయాక ప్లాట్‌ఫాం మీద మిగిలిపోయిన అమ్మాయిగా, గాజులు తీసేసి కడలిలో విసిరేసే ప్రియురాలిగా, శ్రుతి బాగా దించేసి, కళ్లు మూసుకుని, తనే ఆ అమ్మాయైనట్టు పాడతాడు. నవ్వు రావాలి గానీ రాదు.

"మీ ఆవిడ బతికున్నన్నాళ్లూ ఆవిడ మాట ఒక్కటి చెవినేసుకోలేదు. పోయాక ఆడవాళ్ల గోడు మొత్తం మీకే కావలసొచ్చింది," అంది కిటికీ పక్కనుంచి ఒక గొంతు.

"అందుకే కదా పాడుతున్నాను తొకికో-సాన్. ఆలస్యంగానైనా వింటున్నాను," అన్నాడాయన మైకులోనే. ఆ ముక్క షాపంతా మోగింది.

ఆ కిటికీ పక్క మనిషి తొకికో. ఫ్యాక్టరీలో మసాయో పక్కన నిలబడి ఏళ్ల తరబడి చేపల తలలు కోసిన మనిషి. గొంతు బొంగురు, నాలుక కత్తి. మసాయో ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ ఒక్కసారీ చూడటానికి రాలేదు. అది చియాకి మనసులో ముల్లులా ఉండిపోయింది. ఇప్పుడు కూడా తొకికో స్నేహితురాలిని ఒకసారి పైనుంచి కింది దాకా చూసి, "ఒసే, జుట్టు ఎవరు కత్తిరించారే, గడ్డి కోసినట్టుంది," అని మాత్రం అంది.

కత్తిరించింది చియాకి. ఆమె పళ్లు బిగబట్టుకుని పాటలు ఎంచుకునే ట్యాబ్ అందుకుంది.

పాట ఎంచుకోవడమంటే సప్పొరోలో చిటికెలో పని. ఇక్కడ తల్లి పక్కన కూర్చుని ఆ తెర మీద వేలు పెట్టగానే ఆమె ఆగిపోయింది. గాయనుల పేర్లు ఒకదాని కింద ఒకటి దొర్లిపోతున్నాయి, అంతూ పొంతూ లేకుండా. కిమోనో కట్టుకుని మంచు మీద ఏడ్చినవాళ్లు, కుచ్చుల గౌన్లు వేసుకుని ఎగిరినవాళ్లు, గిటారు ఒళ్లో పెట్టుకుని ఎవరికీ వినబడకూడదన్నట్టు పాడినవాళ్లు. ఒక్కొక్క పేరు వెనక ఒక గొంతు. ఒక్కొక్క గొంతు వెనక, వంటింట్లోనో ఫ్యాక్టరీలోనో బస్సులోనో పెదాలు కదిపిన వేలమంది ఆడవాళ్లు. పైకి చెప్పుకోలేనివన్నీ వీళ్లు ఈ పేర్లకే చెప్పుకున్నారు కాబోలు. వాళ్లలో అమ్మ ఎవరికి చెప్పుకుంది? ఇంతకాలం ఆ ప్రశ్నే తనకు తట్టలేదని చియాకికి అప్పుడు తట్టింది.

సరే, తెలిసిన దారి ఉండగా తెలియనిదెందుకని 'పండగ ఓడ' నొక్కింది.

డప్పులు మోగాయి. తెర మీద రంగు కాగితాలు కట్టిన పడవలు వచ్చాయి. ఇగరాషి-సాన్ హుషారుగా చప్పట్లు అందుకున్నాడు. చియాకి మైకును తల్లి నోటి దగ్గర పెట్టింది.

"కాదు."

"అమ్మా, నీ పాటే. చూడు, పడవలు."

"కాదు," ఈసారి సాగదీసి. మొహం గోడ వైపు తిప్పేసుకుంది.

చియాకి తనే అందుకుని పాడింది. పాడటమంటే పళ్ల డాక్టరు దగ్గరికొచ్చినవాళ్లు మూలిగినట్టుంది, ఆమెకే తెలుస్తోంది. సగంలో ఆపేసింది. కాసేపు ఆగి, ఇసొబె కహోరుదే ఇంకొకటి పెట్టింది. కాదు. మంచు పాట. కాదు. జోలపాట. కాదు. చిన్నప్పుడు అమ్మ ఇస్త్రీ చేస్తూ కూనిరాగం తీసేదని లీలగా గుర్తున్న ఓ సినిమా పాట. దానికి కాదు కూడా రాలేదు, ఆవులింత వచ్చింది.

మిగతావాళ్లంతా విసుక్కోకుండా తమ వంతు వదులుకుని కూర్చున్నారు. ఆ మర్యాదే చియాకిని ఎక్కువ బాధపెట్టింది. నెలాఖరు ఎంత దగ్గర్లో ఉందో ఆమెకు తెలుసు. ఇంటికెళ్లి 'ఇక ఇంతే' అనే మాటకు అలవాటుపడాలేమో అనుకుంటూ ట్యాబ్ బల్ల మీద పెట్టేసింది.

అప్పుడు వినబడింది ఆ చప్పుడు.

మసాయో ఎడమ బొటనవేలు కుర్చీ చేతిపట్టీ మీద కొడుతోంది. ఆస్పత్రి మంచం పట్టీ మీద కొట్టిందే. తకిట, తకిట, తకిట. కిందటి వారం చియాకి గుర్తుపట్టలేకపోయిన తాళం అదే. పండగ డప్పు రెండేసి దెబ్బలు. ఇది మూడు.

"ఇది మూడు దెబ్బల పాటండీ," అన్నాడు ఇగరాషి-సాన్ ముందుకు వంగి, చెవి ఒగ్గి. "ఈ షాపులో మూడు దెబ్బల పాటంటే ఒక్కటే కదా, 'ఉప్పుగాలి కిటికీ'..."

అని, వేడి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

చియాకి ఆ తువ్వాలును పట్టించుకోలేదు. పేరు దొరికింది, అంతే. ఇసొబె కహోరు పేరు కింద వెతికి, పట్టుకుని, నొక్కేసింది. తెర నల్లబడి, సముద్రం వచ్చింది. పైన పాట పేరు, కింద పాడినవారి పేరు, రాసినవారి పేరు వెలిగాయి. ఒక్క పియానో, తకిట, తకిట.

కిటికీ దగ్గర కప్పు సాసరులో పెట్టిన చప్పుడు స్పష్టంగా వినబడింది. మాస్టర్ గబగబా వచ్చి మీట నొక్కి పాట ఆపేశాడు. సముద్రం మాయమైంది.

"చియాకి-సాన్, తప్పుగా అనుకోకండి. అది తొకికో-సాన్ పాట."

సప్పొరోలో ఎవరి పాట ఎవరైనా పాడుకుంటారు. ఇక్కడ అలా కాదు. ప్రతివారికీ ఒక పాట ఉంటుంది. ఆ మనిషి గదిలో ఉండగా ఇంకొకరు దాన్ని ముట్టుకోరు. లేకపోయినా ముట్టుకోరు. పోయిన మనిషి పాటను కొన్నేళ్ల పాటు అలాగే వదిలేస్తారు, పళ్లెంలో ఆఖరి ముక్క వదిలినట్టు. ఇవన్నీ చియాకికి తెలియనివేమీ కావు. చిన్నప్పుడు ఇదే ఊళ్లో పెరిగింది. తెలిసీ నొక్కింది, అంత దూరం ఆలోచించలేదు, అంతే.

లేచి, తొకికో బల్ల దగ్గరికెళ్లి, నడుము వంచి తలదించింది.

"తప్పయింది. క్షమించండి."

"ఊఁ," అంది తొకికో కిటికీలోంచి పొగమంచును చూస్తూ.

అక్కడితో వెనక్కి వచ్చెయ్యాలి. మర్యాద అదీ. కానీ వెనక మసాయో బొటనవేలు ఆగలేదు. తకిట, తకిట. ఆ చప్పుడు చియాకి వీపు మీద కొడుతున్నట్టుంది. దించిన తల ఎత్తకుండానే అంది.

"ఒక్కసారి అరువివ్వండి తొకికో-సాన్. మీ పాటేనని నాకు తెలుసు. అమ్మకి ఇంకో దారి లేదు. నెలాఖరుకి ఒక్క మాట రాకపోతే అక్కడితో ఆపేస్తారు. మీరు ఆస్పత్రికి రాకపోయినా నేనేమీ అనుకోలేదు..."

"అనుకున్నావు."

"అనుకున్నాను," అంది చియాకి. తల ఎత్తేసింది. కళ్లలో నీళ్లు, కోపం రెండూ ఉన్నాయి. "పక్కపక్కన నిలబడి పనిచేశారు కదా. ఒక్కసారి వచ్చి చెయ్యి పట్టుకుంటే ఏం పోయింది? ఇప్పుడు ఒక్క పాట అడిగితే ఇవ్వలేరా?"

ఇగరాషి-సాన్ చెప్పులకేసి చూసుకున్నాడు. మాస్టర్ శుభ్రంగా ఉన్న కప్పునే మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు. తొకికో మాత్రం కోప్పడలేదు. అదే ఆశ్చర్యం. సంచీలోంచి సముద్రపు నాచు చాక్లెట్ ఒకటి తీసి, కాగితం విప్పి, నోట్లో వేసుకోకుండా బల్ల మీద పెట్టింది.

"కూచో అమ్మాయ్."

చియాకి కూర్చుంది.

"ఇవ్వనన్నది నేను కాదు. ఇవ్వొద్దన్నది మీ అమ్మ."

"అంటే?"

"మాస్టర్ ఈ షాపులోకి మొదటి పాటల పెట్టె తెచ్చిన రోజులు. ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి అందరం ఇటే వచ్చేవాళ్లం, ఒళ్లంతా చేపల కంపుతోనే. ఓ రోజు ఇది మైకు పట్టుకుని 'ఉప్పుగాలి కిటికీ' పాడింది. అడుగు మాస్టర్‌ని."

మాస్టర్ తల ఊపాడు. "నూనెలో ముక్కలు వేసి ఉన్నాను. మాడిపోయినా తెలియలేదు," అన్నాడు.

"నేనైతే కూర్చున్నచోటే ఏడ్చాను. నేను. మా ఆయన పడవ రానినాడు కూడా మనుషుల ముందు ఏడవలేదు," అంది తొకికో. "మళ్లీ పాడవే, మళ్లీ పాడవే అని అందరం దీని వెంట పడ్డాం. వారం తిరక్కుండా ఇది నా దగ్గరికొచ్చి, 'తొకీ, ఈ పాట నువ్వు తీసుకో. నీదని అందరికీ చెప్పు. అప్పుడు నన్నెవ్వరూ అడగరు,' అంది. ఎందుకే అంటే చెప్పలేదు. నేనూ మళ్లీ అడగలేదు. మనుషులు చెప్పనిది తవ్వకూడదు కదా."

"మరి మీరు..."

"పాడుతూనే ఉన్నాను, ప్రతి బుధవారం. నా గొంతు నీకు తెలుసుగా. కాకి కూడా సిగ్గుపడుతుంది. బాగా పాడదామని ఎప్పుడూ పాడలేదు. కాపలా కాస్తున్నాను, అంతే. నేను పాడుతున్నంతసేపూ మీ అమ్మ ఆ గోడ వంక చూస్తూ కూర్చునేది. ఇంటికెళ్లేటప్పుడు మాత్రం ఎప్పుడూ నా చెయ్యి నొక్కి వెళ్లేది."

చాక్లెట్ కాగితాన్ని చిన్నగా మడిచింది.

"ఆస్పత్రికి ఎందుకు రాలేదంటావా? భయం. ఆ నోరు మూగబోవడం చూడలేక. ఇది నా తప్పే, ఒప్పుకుంటాను."

చియాకి తల్లి వైపు తిరిగింది. ఇన్నేళ్లూ అమ్మ పాట 'పండగ ఓడ' అనుకుంది. అమ్మ దాచుకున్న దాని మీద కప్పిన రంగుగుడ్డనే అమ్మనుకుంది. సిగ్గుగా అనిపించింది. సిగ్గుకన్నా ఎక్కువగా, ఎదురుగా కూర్చున్న ఈ బొంగురు గొంతు మనిషి మీద, వినేవాళ్లు నవ్వుకుంటారని తెలిసీ, ఎందుకో కూడా తెలియకుండా, ఇంకొకరి బాధకు ఏళ్ల తరబడి తలుపులా అడ్డం నిలబడ్డ మనిషి మీద చెప్పలేనంత గౌరవం కలిగింది. ఇలాంటి స్నేహం ఒకటి అమ్మకు ఉందని కూతురికే తెలియలేదు.

తొకికో లేచింది. మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా నడిచి, చక్రాల కుర్చీ ముందు నిలబడింది.

"ఒసే మసాయో. నీ పాట నీకు తిరిగిచ్చేయనా?"

మసాయో ఆమె మొహంలోకి చూసింది.

"కాదు."

ఇగరాషి-సాన్ నిట్టూర్చాడు. చియాకి తల్లి మొహంలో వెతికింది. పొట్టిదా, సాగిందా, ముక్కుదా? తేల్చుకోలేకపోయింది. ఇన్ని నెలలూ ఆ మాటను చదవడం నేర్చుకున్నానని గర్వపడ్డది, ఇవాళ అసలైన చోట గుడ్డిదైపోయింది.

తొకికో మాత్రం కిందికి చూసింది. బొటనవేలు ఇంకా కొడుతూనే ఉంది.

"నోరు ఏమన్నా అననీ. ఈ చేతితో పక్కన నిలబడి పనిచేశాను నేను. ఈ చెయ్యి ఇమ్మంటోంది," అంది. మైకు తీసుకుని రెండు చేతులతో, పెద్దవాళ్లకు ఇచ్చినట్టు, వంగి మసాయో ఎడమ చేతిలో పెట్టింది. "మాస్టర్, పెట్టండి. నా శ్రుతి కాదు. అసలు శ్రుతి."

మళ్లీ సముద్రం వచ్చింది. పాట పేరు వెలిగింది. పాడినది ఇసొబె కహోరు. రాసినది నవాటా సోజిరో. ఓహో, గుమ్మం దగ్గరి పెద్దమనిషే అనుకుంది చియాకి. పియానో మొదలైంది.

మసాయో తెర వైపు చూడలేదు. కిటికీ బయట తెల్లటి మంచులోకి చూసింది. మైకు గడ్డం దగ్గరికి ఎత్తింది. ఊపిరి తీసుకుంది. తన తల్లి అంత లోతుగా ఊపిరి తీసుకోగలదని చియాకికి తెలియదు.

"కిటికీ మూయొద్దు, గాలి ఉప్పగానే ఉండనీ..."

మాటలు. మాటలు వస్తున్నాయి. ఒకదాని వెనక ఒకటి, తడబడకుండా, ఒక్కటీ విరగకుండా. నీళ్లు అడగలేని నోరు, కూతురి పేరు పిలవలేని నోరు, కిటికీని కిటికీ అంటోంది. చియాకి రెండు చేతులతో తన మోకాళ్లను గట్టిగా పట్టుకుంది. కదిలితే ఆగిపోతుందేమోనని భయం.

"తుడిచిన అద్దం మీద మళ్లీ నీ ఊరే తేలుతుంది..."

అది ఫ్యాక్టరీ గొంతు కాదు. ఇంట్లో అరిచిన గొంతూ కాదు. సన్నగా, తేటగా, పైకి వెళ్లేకొద్దీ ఇంకా ఇంకా శాంతంగా అయ్యే గొంతు. ముసలితనం దాని అంచుల్లోనే ఉంది, లోపలికి రాలేదు. తెర మీద పదాలు వెలగకముందే అవి ఆమె నోట్లో ఉన్నాయి. పాట ఆమె వెనక నడుస్తోంది. ఇన్నేళ్లు ఈ గొంతు ఎక్కడుంది? తను అన్నం తిన్న బల్ల అవతల, తను అలిగి తలుపు వేసుకున్న గదికి ఇవతల, అదే ఇంట్లో ఉందా? ఒక మనిషిలో ఇంత పెద్దది దాగి ఉండగలదా? చియాకికి ఏడుపు రాలేదు. అంతకుమించినదేదో వచ్చింది. గుళ్లో ఒంటరిగా నిలబడ్డప్పుడు చేతులు వాటంతటవే కలిసినట్టు, ఆమె చేతులు ఒడిలో కలిశాయి.

మాస్టర్ పొయ్యి కట్టేశాడు. ఇగరాషి-సాన్ లేచి నిలబడ్డాడు, ఎందుకు లేచాడో తెలియకుండా. తొకికో కుర్చీ పక్కనే నేల మీద కూర్చుండిపోయి, పెదాలు కదుపుతోంది. శబ్దం మాత్రం రానివ్వలేదు.

రెండో చరణం అయింది. పియానో నెమ్మదించి ఆగింది. తెర మీద సముద్రం పోయి నలుపు మిగిలింది. చప్పట్లు కొట్టాలని ఇగరాషి-సాన్ చేతులెత్తాడు.

మసాయో మైకు దించలేదు.

సంగీతం లేదు. తెర మీద పదాలు లేవు. బొటనవేలు మైకు మీదే తాళం వేస్తోంది. అదే రాగంలో, ఎవరూ ఎప్పుడూ వినని చరణం ఒకటి ఆ నిశ్శబ్దంలోకి వచ్చింది.

"నీ చొక్కా అంచున నా పేరు కుట్టి పంపాను... పేరు విప్పేశావు, దారం ఇంకా నా వేలికే ఉంది..."

ఆఖరి మాటతో ఊపిరి అయిపోయింది. రేవులో ఏదో ఓడ కూసింది.

"ఆ చరణం పాటలో లేదు," అంది తొకికో చివరికి. గొంతు ఇంకా బొంగురుపోయింది. "ఇన్నేళ్లుగా పాడుతున్నాను. మూడో చరణం లేనే లేదు."

చియాకి తల్లి ముందు మోకరిల్లింది. చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వేడిగా ఉంది.

"అమ్మా. ఇదెక్కడిది? ఎవరిది ఈ చరణం?"

ఔననో కాదనో అంటే సరిపోయే ప్రశ్న కాదది. మాటతో జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు అడగొద్దని ఓకి-సాన్ చెప్పింది. జవాబు రాకపోతే రోగి కుంగిపోతారట. చియాకికి అది అడిగేశాక గుర్తొచ్చింది.

మసాయో పెదాలు కదిలాయి. కా అనే దగ్గర ఆగాయి. మళ్లీ మూసుకున్నాయి. నుదుట చెమట పట్టింది. కళ్లు మూసుకుని, బొటనవేలితో ఒకసారి తాళం వేసి, దాని మీద అడుగు పెట్టినట్టు అంది.

"నాది."

పాడలేదు. మాట్లాడింది.

చియాకి తల్లి ఒడిలో మొహం దాచుకుంది. ఒక్క మాట. నెలాఖరుకు ముందే, కొత్త మాట. ఓకి-సాన్‌కు చెప్పాలి, ఇప్పుడే, ఈ క్షణమే ఫోన్ చెయ్యాలి. ఆనందంతో తల ఎత్తిన ఆమెకు తల్లి మొహంలో ఆనందం కనిపించలేదు. మసాయో ఇంకా మాట్లాడుతోంది.

"నాది," అంది మళ్లీ. ఈసారి చూపు కూతురి మీద లేదు. గాజు తలుపు మీద ఉంది. ఆ తలుపు అవతల, వెనకనుంచి వెలుతురు పడి, పోస్టర్‌లోని పట్టు కండువా, వెండి జుట్టు నీడలా కనబడుతున్నాయి. "నాది. అంతా. నాది."

గుమ్మంలో రాయిలా పడిన ఆ "కాదు" చియాకి చెవిలో మళ్లీ మోగింది. ఇన్ని నెలల్లో అమ్మ అన్నవాటిలో నిజంగా కాదనే అర్థంతో అన్నది అదొక్కటే.

మాస్టర్ గొంతు సవరించుకున్నాడు. ఆయన మొహం పాలిపోయి ఉంది.

"తొకికో-సాన్, మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

తొకికో నేల మీదనుంచి లేవలేదు.

"సన్మానానికి ముందు ఆయన ఇక్కడికి వస్తున్నాడు," అంది. "నవాటా సోజిరో. వచ్చే బుధవారం, ఈ షాపుకే. తన పాటని ఊరివాళ్ల నోట వినాలని ముచ్చటపడ్డాడట. పత్రికవాళ్లు ఫొటోలు తీస్తారట. పాడాల్సింది నేను. ఈ పాట నాది కదా మరి."

ఎవరూ నవ్వలేదు. ఇగరాషి-సాన్ మెల్లిగా కూర్చున్నాడు. తొకికో కుర్చీ పట్టుకుని లేచి, అలవాటుగా, మైకును బల్ల మీద పెట్టడానికి మసాయో చేతిలోంచి అందుకోబోయింది.

మైకు రాలేదు. మళ్లీ లాగింది. మసాయో ఎడమ చెయ్యి దాన్ని వదల్లేదు.